కటౌట్ మారిస్తే అపచారమా?

చాలాకాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. మా ఇంట్లో రెండేళ్ళుగా ఒక వాదం నడుస్తోంది. వస్తువు చూస్తే అరచేతిలో ఇమిడిపోయే డబ్బా. దాని చుట్టూ పెరిగిన మాటలు మాత్రం భారతమంత. పాత మోటారుసైకిలులో పాడైపోయిన భాగం తీసేసి, ఆ కాలంలో లేని కొత్తరకం భాగం బిగిస్తే, అది బాగుచేయడమా, చెడగొట్టడమా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అది బాగుచేయడమే. పాత భాగం ఎందుకు పాడైందో తెలుసుకోకుండా, పాతదైనా సరే కొత్తదైనా సరే, మరొకటి తెచ్చి బిగించడం ఉన్నదే, చెడగొట్టడమంటే అది. ఈ తప్పు నేను ఒకటికి నాలుగుసార్లు చేశాను కనుక కొంత సాధికారంగానే చెప్పగలను.

బండి మా నాన్నగారిది. జావా 250. 1968లో మైసూరులో తయారైంది. వ్యవసాయ శాఖలో పనిచేస్తూ అనంతపురం జిల్లాలో ఊరూరూ తిరగవలసి వచ్చిన రోజుల్లో, 1971లో, ఆయన దాన్ని మరొకరి దగ్గర కొన్నారు. జావా ఎరిగినవారికి దాని లక్షణాలు చెప్పనక్కరలేదు. ఎరగనివారి కోసం రెండు మాటలు: కిక్కు కొట్టే రాడ్డే గేరు మార్చే రాడ్డు కూడా, ఒక్క సిలిండరుకు జంట సైలెన్సర్లు, పెట్రోలులో నూనె కలిపి పోయాలి. వీధి మలుపు తిరగకముందే దాని చప్పుడు ఇంట్లోకి వచ్చేది. ఆ చప్పుడు వినబడగానే అమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేది. నాన్నగారు పోయాక బండి పదకొండేళ్ళు వసారాలో పట్టా కింద నిద్రపోయింది. 2022లో దాన్ని లేపాలని బుద్ధి పుట్టింది.

ఇంజను లేవడానికి పెద్దగా కష్టపడలేదు. కార్బురేటరు కడిగి, పాయింట్లు శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేస్తే పదో కిక్కుకు పలికింది. చాసిస్‌కు, డబ్బాలకు, మడ్‌గార్డులకు దిట్టంగా రంగు వేయించాను. అద్దంలా మెరిసింది. (ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి. కథలో దీని పాత్ర చిన్నది కాదు.)

వచ్చిన చిక్కల్లా చార్జింగుతోనే. కొత్త ఆరు వోల్టుల బ్యాటరీ ఐదు నెలల్లో చచ్చిపోయింది. అడిగితే బ్యాటరీలో నాణ్యత లేదన్నారు. మరొకటి వేశాను. అది నాలుగు నెలలే ఉంది. బండి రోజూ తిప్పకపోతే అంతేనన్నారు. మూడోది వేశాను. ఈ మూడు సందర్భాల్లోనూ, ఇంజను వేగం పెంచితే ఆరిపోవలసిన ఎర్రదీపం సరిగా ఆరడం లేదన్న సంగతి నా కళ్ళ ముందే ఉంది. కళ్ళ ముందు ఉన్నదాన్ని చూడకపోవడంలో మనిషికున్న నేర్పు అంతాయింతా కాదు.

ఒక పెళ్ళికి వెళ్ళి తాడిపత్రి నుంచి అనంతపురం తిరిగి వస్తున్నాము. వెనుక మా అమ్మాయి. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. చీకటిపడ్డాక ముందు దీపం మెల్లమెల్లగా పసుపై, నారింజై, చివరికి నిప్పుకణికలా మిగిలింది. ఈ బండిలో ప్లగ్గుకు నిప్పురవ్వ కూడా బ్యాటరీ నుంచి కాయిలు ద్వారానే రావాలి. కనుక ఇంజను కూడా తడబడుతోంది. ఇంకో ఊరు దాటితే చాలనుకుంటూ పోతున్నాను. ఎదురుగా వేరుశనగ కట్టె నింపుకున్న ట్రాక్టరు ఒకటి వెనుక దీపం లేకుండా పోతోంది. అది నాకు కనబడింది పది అడుగుల దూరంలో. బండిని పక్క కంకరలోకి దించేశాను. పడ్డాము. నాకేమీ కాలేదు. అమ్మాయి మోచేయి గీరుకుపోయింది. అంతే. అంతతో పోయింది కనుక ఈ రోజు కూర్చుని ఇది వ్రాస్తున్నాను.

మర్నాడు బండిని పాతవూరిలో ఒక ఆటో ఎలక్ట్రీషియను దగ్గరికి తీసుకువెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు జీపులకు, ట్రాక్టర్లకు డైనమోలు చుట్టిన చేయి. నేను బ్యాటరీల పురాణం విప్పబోతే మధ్యలోనే ఆపి, "తప్పు బ్యాటరీది కాదు సామీ, దానికి బువ్వ పెట్టేవాడిది" అన్నాడు.

ఆ బువ్వ పెట్టేవాడి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లేకపోతే నా వాదం అర్థం కాదు.

జావాలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను కుడి పక్క మూత తీస్తే, క్రాంకు చివరనే ఆర్మేచరు తిరుగుతూ ఉంటుంది. ఆరు వోల్టులు, 45 వాట్లు. అంటే నిండుగా పనిచేస్తే ఏడున్నర ఆంపియర్లు. నా బండిలో ముందు దీపానికి 25 వాట్లు, వెనుక దీపానికి 5, కాయిలుకు సుమారు 15. సంపాదనకు ఖర్చు సరిగ్గా సరి. నెల జీతం మీద బతికే సంసారం లాంటిది. ఎక్కడ చిల్లుపడినా అప్పు బ్యాటరీ మీద పడుతుంది.

డైనమోలో నాకెప్పుడూ ఆశ్చర్యంగా తోచే సంగతి ఒకటుంది. అందులో శాశ్వత అయస్కాంతం లేదు. ఇనుములో నిన్నటి నుంచి మిగిలిపోయిన కాస్త అయస్కాంతత్వంతో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఫీల్డు కాయిళ్ళలోకి పోయి అయస్కాంతాన్ని బలపరుస్తుంది. బలపడిన అయస్కాంతం మరింత కరెంటు పుట్టిస్తుంది. సీమెన్స్, వీట్‌స్టన్ 1867లో లోకానికి వెల్లడించిన సూత్రం ఇదే. అయితే ఇలా తనను తాను పెంచుకుంటూ పోయేదానికి ఎక్కడో ఒకచోట పగ్గం వేయాలి. లేకపోతే వేగం పెంచినకొద్దీ వోల్టేజీ పెరిగి బల్బులు మాడిపోతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఆ పగ్గమే మన కథానాయకుడు. పుస్తకాలలో వోల్టేజి రెగ్యులేటరు అంటారు. మనవాళ్ళలో ఎవరైనా నియంత్రకం అని కూడా అంటారేమో. నేను మాత్రం మేస్త్రి అన్నట్టు కటౌట్ అనే అంటాను. దుకాణానికి వెళ్ళి నియంత్రకం కావాలంటే మనల్ని నియంత్రిస్తారు. నిజానికి కటౌట్ అన్నది ఆ డబ్బా చేసే రెండు పనుల్లో ఒకదాని పేరు. లోపల రాగితీగ చుట్టిన విద్యుదయస్కాంతం, దాని ఆకర్షణకూ స్ప్రింగు లాగుడుకూ మధ్య ఊగిసలాడే పాయింట్లు ఉంటాయి. మొదటి పని: వోల్టేజీ హద్దు దాటగానే ఫీల్డుకు పోయే కరెంటును తగ్గించడం, దిగగానే మళ్ళీ ఇవ్వడం. ఆ పాయింట్లు కంటికి అందనంత వేగంగా కొట్టుకుంటూ ఉంటాయి. రెండో పని: డైనమో వోల్టేజీ బ్యాటరీని మించినప్పుడే రెంటినీ కలపడం, ఇంజను ఆగగానే విడదీయడం. విడదీయకపోతే కరెంటు వెనక్కి తిరిగి, బ్యాటరీ సొమ్మంతా డైనమో తాగేస్తుంది.

ఎర్రదీపం ఈ రెండో పాయింట్లకు అటొక కొన, ఇటొక కొన పెట్టుకుని కూర్చుంటుంది. పాయింట్లు విడిగా ఉంటే వెలుగుతుంది. కలిస్తే ఆరిపోతుంది. చార్జింగు మొదలైందన్న కబురు మనకు అలా అందుతుంది.

మేస్త్రి చేసిన మొదటి పని నాకు నచ్చింది. ఏ భాగమూ మార్చలేదు. కటౌట్‌ను పక్కకు తప్పించి, ఫీల్డుకు నేరుగా కరెంటు అందేలా తీగ కలిపి, డైనమో మీద ఒక బల్బు పెట్టి ఇంజనును నిదానంగా తిప్పాడు. బల్బు తెల్లగా వెలిగింది. డైనమో నిక్షేపంగా ఉంది. కార్బన్లు చూశాడు, ఇంకా సగానికి పైగా ఉన్నాయి. తరువాత కటౌట్ మూత విప్పితే లోపల పాయింట్లు కాలి, నల్లబడి, గుంటలు పడి ఉన్నాయి. అరిగిపోయిన ఆకురాయితో సుతారంగా రుద్ది, స్ప్రింగు సర్ది, చెవి పెట్టి విని, మీటరు చూసి, "కొన్నాళ్ళు ఆడుతుంది. పాయింటు మీద గట్టి పూత పోయింది. దీని ఆయుష్షు ఐపోయింది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే ఆరు వారాలాడి ఆగిపోయింది. ఇక మార్చక తప్పదు. ఇక్కడే మా చిన్నాయన రంగప్రవేశం చేశారు.

చిన్నాయన నాన్నగారి కంటే పదేళ్ళు చిన్న. ఆ బండి మీదే డ్రైవింగు నేర్చుకున్నారు. "ఎలక్ట్రానిక్ డబ్బా పెడతావంట్రా అన్న బండికి? అసలుది దొరికేదాకా ఆగు, లేదా బండి నాకిచ్చేయ్" అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది. కాదనను. అన్నగారు తాకిన ఇనుమును అలాగే ఉంచాలన్న తపన అది. దానికి తోడు ఆయనకు ఇంకో ఆలోచన కూడా ఉంది: బండికి వింటేజి రిజిస్ట్రేషను చేయించాలని.

బెంగుళూరులో ఒకరి దగ్గర, వాడకుండా ఏళ్ళ తరబడి అలమరలో పడివున్న పాత కటౌట్ దొరికింది. నాలుగున్నర వేలు పోశాము. నేనూ చిన్నాయనా కలిసి ఒక ఆదివారం ఉదయం బిగించాము. మేస్త్రికి చూపించలేదు. డబ్బా విప్పని సరుకుకు పరీక్ష ఏమిటన్నారు చిన్నాయన, నేనూ సరేనన్నాను. ఎర్రదీపం ఠక్కున ఆరిపోయింది. ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాము.

ఇరవై రోజుల తరువాత ఒక సాయంత్రం బండి వసారాలో ఆపి, లోపల కాఫీ తాగుతున్నాను. ఏదో వార్నిషు కాలుతున్న వాసన. బయటికి వచ్చి చూస్తే కుడి పక్క మూత మీద చేయి పెట్టలేనంత వేడి. పరుగున వెళ్ళి బ్యాటరీ తీగ పీకేశాను. కటౌట్ పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంజను ఆగినా విడిపోలేదు. బ్యాటరీలోని కరెంటంతా కదలని ఆర్మేచరులోకి పోతోంది. ఎర్రదీపం సంగతి అంటారా? పాయింట్లు కలిసే ఉన్నాయి కనుక అది వెలగనే వెలగదు. కాపలాదారుడికి నోరు కట్టేసి దొంగతనం జరిగినట్టు.

అలాంటప్పుడు ఫ్యూజు పోవాలి కదా అని మీలో తెలిసినవారు అడుగుతారు. పోవాలి. కానీ ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టి ఉంది. కొన్ని నెలల ముందు హారను తీగ రాపిడికి ఫ్యూజు పోతే, దారిలో దొరకక, ఇంటికి చేరేదాకా అనుకుంటూ చుట్టిన తీగ. చుట్టినవాడిని నేనే. మరిచిపోయినవాడినీ నేనే.

మేస్త్రి ఆర్మేచరు బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రెండుచోట్ల టంకం కరిగి జారింది, వార్నిషు నల్లబడింది, తీగ మాత్రం తెగలేదు. టంకం మళ్ళీ పెట్టి, వార్నిషు పూసి, ఎండలో ఆరబెట్టి, పరీక్షించి బ్రతికించాడు. అప్పుడు ఆయన వేసిన ప్రశ్న ఈ రెండేళ్ళలో మాలో ఎవరమూ వేయనిది: "మొదటిదీ కాలింది, రెండోదీ కాలింది. రెండూ ఒకేచోట కూర్చుని కాలినాయి. ఆ చోటులో ఏముంది?"

ఇంజను తిప్పుతూ, మీటరు ఒక కొన కటౌట్ డబ్బా మీద, రెండో కొన బ్యాటరీ ఎర్త్ తీగ మీద పెట్టాడు. రెండూ ఎర్త్ కనుక మీటరు దాదాపు సున్నా చూపాలి. వోల్టు దాటి చూపించింది. బోల్టు విప్పితే కారణం తెలిసింది. నేను వేయించిన దిట్టమైన రంగు! డబ్బాకూ చాసిస్‌కూ మధ్య రంగు అడ్డుపడి ఎర్త్ సరిగా అందడం లేదు. ఎర్త్ అందకపోతే కటౌట్‌లోని కాయిలుకు అసలు వోల్టేజీ ఎంతో తెలియదు. తక్కువుందనుకుని డైనమోను మరింత తోలుతుంది. ఎర్త్ తగిలీతగలకా ఉంటే పాయింట్లు గజగజలాడి, రవ్వలు రాలి, కాలి, చివరికి అతుక్కుపోతాయి. ఎండిపోయిన బ్యాటరీలూ, ఉడికిపోయిన బ్యాటరీలూ, కాలిన పాయింట్లూ, కరిగిన టంకమూ, మా అమ్మాయి మోచేయీ, అన్నింటికీ మూలం బండి మెరవాలని నేను పూయించిన రంగు.

కారణం దొరికింది కదా, మరి మళ్ళీ పాత రకం కటౌటే వేయవచ్చు కదా? వేయవచ్చు. ఎర్త్ సరిచేశాక అది బాగానే ఆడేది కూడా. అయినా నేను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరే వేయించాను. ఎందుకో చెబుతాను.

మొదటి మాట. కటౌట్ ఉన్నది తన కోసం కాదు, డైనమో కోసమూ బ్యాటరీ కోసమూ. అది కాపలా. కాపలాదారుడి వంశగౌరవం కోసం ఇంటిని తగలబెట్టుకోలేము. అసలు కటౌట్ మీద మోజుతో, అంతకంటే అసలైనదీ, సులువుగా దొరకనిదీ అయిన అసలు డైనమోను దాదాపు పోగొట్టుకున్నాము. మా నాన్నగారి కాలం నుంచి ఆ క్రాంకు మీద తిరుగుతున్న ఆర్మేచరది. పాతదనాన్ని కాపాడాలంటే దేన్ని ముందు కాపాడాలో తేల్చుకోవాలి. అన్నింటినీ సమానంగా పూజిస్తే ఏదీ మిగలదు.

రెండో మాట. అలమరలో ఏళ్ళ తరబడి కూర్చున్న పాయింట్లు కొత్తవి కావు. వాడకపోయినా లోహం మీద చిలుము పడుతుంది, స్ప్రింగు సర్దుబాటు తప్పుతుంది. పెట్టె విప్పని సరుకు అన్నది పెట్టె గురించిన మాట. లోపలి వస్తువు గురించిన మాట కాదు. బిగించేముందు విప్పి, తుడిచి, సర్ది, మీటరు పెట్టి చూడగలిగిన మనిషి ఉంటేనే అలాంటిది కొనాలి. అటువంటి మనుషులు మా ఊరిలో ఇక ఒక్కరే మిగిలారు. ఆయనకు డెబ్బై దాటింది.

మూడో మాట, అసలు అన్న మాట గురించి. జావా అన్న పేరే రెండు పేర్ల అతుకు. 1929లో చెక్ దేశంలో యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మను సంస్థ మోటారుసైకిలు హక్కులు కొని మొదలుపెట్టాడు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే జావా. ఆ చెక్ నమూనాను 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా వారు తయారుచేశారు. 1973 నుంచి అదే యెజ్డి అయింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. ఇన్ని చేతులు మారిన దానిలో ఏ చేయి అసలుది? మా బండి సీటు రెక్సిను నాన్నగారు రెండుసార్లు మార్పించారు. టైర్లు, చైను, క్లచ్చు ప్లేట్లు, పిస్టన్ రింగులు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. ఆయన ఒక్కసారి కూడా అపచారమనుకోలేదు. ఆయనకు మర్నాడు పొద్దున ధర్మవరమో కళ్యాణదుర్గమో వెళ్ళవలసి ఉండేది.

చిన్నాయన చెప్పే వింటేజి రిజిస్ట్రేషను సంగతి కూడా చూశాను. 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉన్న బండికి ఆ గుర్తింపు ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. కటౌట్ మార్చడం పెద్ద మార్పు కిందికి వస్తుందని నేననుకోను. ఐతే అదే నియమాలలో మరో మాట ఉంది: ఆ గుర్తింపు పొందిన బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద నడపరాదు. ప్రదర్శనలకో, వింటేజి ర్యాలీలకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో తీయవచ్చు. నాకు ఆ నియమం మీద ఫిర్యాదు లేదు. కానీ మా నాన్నగారి బండి ఏ జాతిలోకి వస్తుందో నిర్ణయించుకోవలసింది మేమే. చూపించుకునే బండికి నల్లబడిన కటౌట్ కూడా అలంకారమే. నడిపే బండికి, వెనుక పిల్ల కూర్చునే బండికి, రాత్రి దీపం వెలగాలి.

ఇక ఎదుటివారి వాదంలో బలమైనది ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పాత కటౌట్ చెడిపోతే విప్పవచ్చు, చూడవచ్చు, గరుకు కాగితంతో రుద్దవచ్చు. కొత్త డబ్బాలో రాళ్ళలా గడ్డకట్టిన జిగురులో భాగాలన్నీ పూడ్చిపెట్టి ఉంటాయి. చెడితే పారేయడమే. మేస్త్రి చెవికీ చేతికీ అక్కడ పని లేదు. ఇది నిజంగా నష్టమే. ఆ డబ్బా బిగిస్తున్నప్పుడు ఆయన మొహం చూస్తే, తన విద్యకు తానే తలుపు వేస్తున్నట్టు నాకు అనిపించింది. పైకి ఏమీ అనలేదు. "దీనికి చెవి అక్కర్లే సామీ" అని మాత్రం అన్నాడు.

పైగా కొత్తది ఏమీ దేవుడి వరం కాదు. వెనక్కి పోయే కరెంటును ఆపడానికి అందులో డయోడు ఉంటుంది. మామూలు సిలికాన్ డయోడు తన కోసం 0.7 వోల్టు దాకా తినేస్తుంది. పన్నెండు వోల్టుల బండిలో అది చిల్లర. ఆరు వోల్టుల బండిలో పదో వంతుకు పైనే. అందుకని తక్కువ తినే రకం వాడిన డబ్బా ఏదో అడిగి కొనుక్కోవాలి. బ్యాటరీలో ఏ కొన ఎర్త్ అన్నది బండిని బట్టి మారుతుంది. అది చూసుకోకుండా తీగలు కలిపితే ఎలక్ట్రానిక్ డబ్బా క్షణంలో మాడిపోతుంది, పాత కటౌట్ ఐతే అంత సులువుగా చావదు. చాలాకాలం పడుకున్న డైనమోలో ఆ నిన్నటి అయస్కాంతత్వం కూడా పోయి ఉండవచ్చు. ఫీల్డుకు ఒక్క క్షణం బ్యాటరీ తగిలించి దాన్ని మళ్ళీ మేల్కొలపాలి. ఇవన్నీ తెలిసినవాడికే కొత్త డబ్బా పనికివస్తుంది. తెలియనివాడికి అది నాలుగో బ్యాటరీతో సమానం.

అందుకని నేను పాటించిన పద్ధతి ఇది. మీకు నచ్చితే తీసుకోండి. కొత్తది పాతదాని మూతలోనే ఇమిడేలా పెట్టించాను. దానికోసం ఒక్క రంధ్రం చేయలేదు, ఒక్క తీగ కత్తిరించలేదు. రేపు ఎవరైనా పాతది పెట్టుకోవాలంటే పది నిమిషాల పని. డబ్బా కింద రంగు గోకి, తెల్లని ఇనుము కనబడేదాకా రుద్ది, వేరే ఎర్త్ తీగ కూడా వేయించాను. రాగితీగ తీసేసి ఫ్యూజు పెట్టాను. విడి ఫ్యూజులు రెండు సీటు కింద ఉంచాను. ఇప్పుడు ఇంజను కాస్త వేగంగా తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర ఏడు వోల్టులకు కాస్త పైన చూపుతోంది. రాత్రంతా నిలిపి ఉంచినా ఆరుకు పైన మూడు నాలుగు పదోవంతులు ఉంటోంది. పద్నాలుగు నెలలైంది. బ్యాటరీ మార్చలేదు.

మీ ఇళ్ళలోనూ నాన్నగారిదో తాతగారిదో ఇలాంటి బండి ఉండవచ్చు. ఒక్క చిన్న అలవాటు చేసుకోమని మనవి. తాళం తిప్పగానే, కిక్కు కొట్టకముందే, ఎర్రదీపం వెలిగిందా లేదా చూడండి. ఇంజను లేచాక ఆరాలి, నిజమే. కానీ లేవకముందు తప్పనిసరిగా వెలగాలి. వెలగకపోతే దాని బల్బైనా పోయి ఉండాలి, కటౌట్ పాయింట్లైనా అతుక్కుపోయి ఉండాలి. రెండోదైతే బ్యాటరీ తీగ పీకి తరువాత మాట్లాడుకోండి. నేను ఇరవై రోజులు ఆరిన దీపాన్ని చూసి మురిసిపోయానే గానీ, ముందు వెలిగిందా అని ఒక్కరోజు కూడా చూడలేదు.

పాత కటౌట్లు రెండూ మేస్త్రి శుభ్రం చేసి ఇచ్చాడు. ఒకదాని పాయింట్లు, ఇంకొకదాని కాయిలు కలిపి ఒక్కటి ఆడేలా చేశాడు. గుడ్డలో చుట్టి పనిముట్ల డబ్బాలో పెట్టాను. దానితోపాటు ఒక కాగితం: ఏ తీగ ఎక్కడిది, ఏ రంగు ఎక్కడికి పోతుంది, ఎర్త్ ఏ కొన, మొదటిది ఎందుకు కాలింది, రెండోది ఎందుకు కాలింది. తెలుగులోనే వ్రాశాను, మేస్త్రి వాడిన మాటలతోనే. మా అమ్మాయి చదివి, అర్థమైందని చెప్పాకే మడిచి పెట్టాను. చాసిస్‌కు రంగు వేయించినవాడిని నేనేనన్న సంగతి కూడా అందులో ఉంది.

చిన్నాయన పోయిన ఉగాదికి వచ్చినప్పుడు పక్క డబ్బా మూత తీయించి చూశారు. పాత మూతే కనబడింది. ఆ మూత కూడా తీశారు. కాసేపు చూసి, ఏమీ అనకుండా మూసేశారు. తరువాత తాళం అడిగి తీసుకుని, టవరు క్లాక్ దాకా వెళ్ళి వస్తానని వెళ్ళారు. గంటన్నర తరువాత, చీకటి పడ్డాక, దీపం వేసుకుని తిరిగివచ్చారు. ఇప్పటికీ నాతో ఏకీభవించలేదు. అసలుది ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతూనే ఉన్నారు. దొరికితే ఈసారి ముందు మేస్త్రికి చూపిద్దామన్నారు. నాకది చాలు.